డాన్‌జిగ్‌లో షాన్ లెస్టర్ మొండితనం దండగేనా?

బాల్టిక్ తీరం:
వెర్సాయ్ ఒప్పందంతో 1920లో డాన్‌జిగ్ (ఇప్పటి పోలండ్‌లోని గ్దాన్‌స్క్) స్వేచ్ఛా నగరమైంది. దాని రాజ్యాంగానికి పూచీ నానాజాతి సమితిది. సమితి తరఫున అక్కడ ఒక హైకమిషనర్ ఉండేవాడు. 1933 మేలో నగర ఎన్నికల్లో నాజీలు గెలిచారు. 1934లో వచ్చిన ఐర్లండ్ దౌత్యవేత్త షాన్ లెస్టర్ ప్రతిదానికీ వాళ్లను నిలదీశాడు. చివరికి ఆయనే వెళ్లిపోవాల్సి వచ్చింది. 1937లో వచ్చిన స్విస్ చరిత్రకారుడు కార్ల్ బుర్క్‌హార్ట్ సర్దుకుపోయాడు. నా దృష్టిలో బుర్క్‌హార్టే సరి. చేతిలో ఒక్క సైనికుడు లేనివాడు గొడవపడి సాధించేదేముంది?

పాత పటం:
నాదీ అదే మాట. పోలీసులు కూడా నాజీల సెనేట్ (నగర ప్రభుత్వం) చేతిలోనే ఉన్నారు. లెస్టర్ రాసిన నివేదికలు జెనీవాలోని సమితి కార్యాలయంలో ఫైళ్లలో చేరాయి, అంతే.

గోదారి గట్టు:
అంతే కాదండీ. 1935 ఏప్రిల్‌లో నాజీలు మళ్లీ ఎన్నికలు పెట్టింది రాజ్యాంగం మార్చడానికి కావలసిన మూడింట రెండొంతుల బలం కోసం. బెదిరింపులు, దాడులు అన్నీ నడిచాయి. అయినా 72 సీట్లలో వాళ్లకు దక్కినవి 43. అప్పటికి జర్మనీలో ప్రతిపక్షమే లేదు. డాన్‌జిగ్‌లో మాత్రం సోషల్ డెమోక్రాట్లు పోటీ చేశారు, సమితికి పిటిషన్లు పెట్టారు. "ఆరోగ్యకరమైన ప్రజాభావన" పేరుతో, చట్టంలో లేని నేరానికీ శిక్ష వేయొచ్చన్న డిక్రీలు ఆ రాజ్యాంగానికి విరుద్ధమని 1935 డిసెంబరులో హేగ్ కోర్టు చెప్పింది. లెస్టర్ తలుపు తెరిచి ఉంచబట్టే అక్కడ ప్రతిపక్షానికి ఊపిరి ఆడింది.

మరి ఎక్కడ చెడింది? 1936 జూన్‌లో జర్మన్ యుద్ధనౌక లైప్‌జిగ్ డాన్‌జిగ్ రేవుకు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం నౌక కమాండర్ వెళ్లి హైకమిషనర్‌ను కలవాలి. కావాలనే వెళ్లలేదు. జులై 4న సెనేట్ అధ్యక్షుడు ఆర్థర్ గ్రైజర్ జెనీవాలో సమితి కౌన్సిల్ ముందు నిలబడి, హైకమిషనర్‌ను తీసేయండి, లేదా మా లోపలి వ్యవహారాల్లో వేలు పెట్టొద్దని చెప్పండి అన్నాడు. నాజీ సెల్యూట్ కొట్టాడు. విలేకరులు నవ్వితే ముక్కు మీద బొటనవేలు పెట్టి వేళ్లాడిస్తూ వెక్కిరించాడు. కౌన్సిల్ ఏం చేసింది? లైప్‌జిగ్ సంగతి చూడమని, డాన్‌జిగ్ విదేశీ వ్యవహారాలు చూసే పోలండ్‌కు అప్పగించింది! అదే వారంలో, ఇథియోపియా మీద దండెత్తినందుకు ఇటలీ మీద పెట్టిన ఆంక్షలు ఎత్తేయాలని సమితి సభ తీర్మానించింది. అక్టోబరుకల్లా డాన్‌జిగ్‌లో సోషల్ డెమోక్రాట్ పార్టీని నిషేధించారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఓడిపోయింది లెస్టర్ పద్ధతి కాదు, ఆయన వెనక నిలబడాల్సినవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

బాల్టిక్ తీరం:
నిలబడి ఉంటే మాత్రం హిట్లర్ వినేవాడా?

గోదారి గట్టు:
ఒకసారి విన్నాడు. అప్పట్లో జర్మనీ, పోలండ్ పంచుకున్న ఎగువ సైలీషియాలో, జర్మనీ వైపు ఫ్రాంజ్ బెర్న్‌హైమ్ అనే యూదు ఉద్యోగిని పనిలోంచి తీసేశారు. 1933 మేలో అతను సమితికి పిటిషన్ పెట్టాడు. మైనారిటీల రక్షణకు జర్మనీ 1922లో పోలండ్‌తో చేసుకున్న ఒప్పందం ఆ ప్రాంతానికి వర్తిస్తుంది. స్థానిక అధికారుల పొరపాటని బెర్లిన్ చెప్పుకోవాల్సి వచ్చింది. యూదు వ్యతిరేక చట్టాలు అక్కడ ఆగాయి, 1937 జులైలో ఒప్పందం గడువు తీరేదాకా.

పాత పటం:
అది 1933 అండీ. అప్పటికి జర్మనీ బలహీనంగా ఉంది, పరువు గురించి టెన్షన్ ఉంది. 1936 మార్చిలో, సైన్యం ఉండకూడదని ఒప్పందాలు చెప్పిన రైన్‌లాండ్‌లోకి (జర్మనీ పడమటి ప్రాంతం) హిట్లర్ సైన్యం దిగాక లెక్క మారిపోయింది.

గోదారి గట్టు:
ఒప్పుకుంటాను, 1936 నాటికి పని కష్టమే. కానీ సర్దుకుపోయి బుర్క్‌హార్ట్ కాపాడిందేమిటో కూడా చెప్పండి. 1937లో కాథలిక్ సెంటర్ పార్టీ పోయింది. 1938 నవంబరులో యూదుల హక్కులు లాగేసుకున్న న్యూరెంబర్గ్ చట్టాలు డాన్‌జిగ్‌కూ వచ్చాయి. 1939లో అక్కడి పెద్ద సినగాగ్‌ను (యూదుల ప్రార్థనా మందిరం) కూల్చేశారు. సెప్టెంబరు 1న నాజీ నాయకుడు ఆల్బర్ట్ ఫోర్‌స్టర్ బుర్క్‌హార్ట్‌నూ వెళ్లిపొమ్మన్నాడు. లెస్టర్‌ను సాగనంపడానికి రెండున్నరేళ్లకు పైగా పట్టింది, ఈయన విషయంలో ఒక్క ఉదయం చాలింది.