అప్‌డేట్: వేడికి రంగు మారే పొడి, వైజాగ్ ఎండాకాలం

గ్లాసుల కింద పెట్టే చెక్క కోస్టర్ల మీద వేడికి రంగు మారే నీలం పొడి పూస్తే అసలు రంగే కనిపించడం లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. లోపం పొడిలో లేదు. అది 31 డిగ్రీల రకం, అంటే అంతకన్నా వేడెక్కితే రంగు మాయమై, చల్లబడితే తిరిగొస్తుంది. మే నెలలో విశాఖలో ఫ్యాన్ కింద గది కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది, ఇక నీలం ఎక్కడ నిలుస్తుంది? మీరు చెప్పినట్టే డబ్బాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ముదురు నీలం బయటపడింది!

ఇప్పుడు 45 డిగ్రీల రకం తెప్పించాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర పలక మీద ముందు పసుపు యాక్రిలిక్ వేసి, ఆరాక రంగులేని మీడియంలో (పొడిని పట్టి ఉంచే పారదర్శక ద్రవంలో) కలిపిన నీలం పొడి పూశాను. మామూలుగా ఆకుపచ్చగా ఉంటుంది. పొగలు కక్కే టీ గ్లాసు పెట్టి తీస్తే దాని అడుగంత మేర పసుపు తేలి, అంచుల నుంచి మెల్లగా మళ్లీ ఆకుపచ్చగా మారుతుంది. అది చూడటానికే అమ్మ రెండోసారి టీ పెట్టింది.

రంగును పలచన చేయడానికి థిన్నర్ వద్దన్న మీ సలహా బంగారం. రంగంతా కంటికి కనపడనంత చిన్న గుళికల్లో ఉంటుంది, థిన్నర్ వాటి గోడల్ని పాడుచేస్తుంది. పొడిని నూరినా అవి పగులుతాయి.

బాల్కనీ ఎండలో ఉంచిన ముక్క మాత్రం వెలిసిపోయింది. అతినీలలోహిత కిరణాలకు ఈ రంగులు ఆగవు, కాబట్టి గుమ్మం బోర్డులకు వాడకండి. తినే పళ్లేల మీదా వద్దు.