అప్‌డేట్: ఇనుప పెనం మీద దోసె ఇప్పుడు అంటుకోవడం లేదు

కొత్త పోత ఇనుప పెనం మీద దోసె అంటుకుపోతోందని అడిగాను కదా, ఇప్పుడు అట్లకాడ పెడితే చాలు, ఊడి వస్తోంది. మీరు చెప్పిన చింతపండు వైద్యం తుప్పు వదలడానికి పనికొచ్చింది. అసలు పని చేసింది మాత్రం నూనె. పలచగా రాసి, గుడ్డతో దాదాపు తుడిచేసి, పొగ వచ్చేదాకా కాల్చాలి. అప్పుడే అది గట్టిపడి నల్లటి పొరలా ఇనుముకు పట్టుకుంటుంది. మందంగా రాస్తే జిగురు మిగులుతుంది.

ప్రతి దోసెకు ముందు నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దుతున్నాను. పెనం మరీ కాలితే పిండి గరిటెతో పాటే లేచి వచ్చేస్తుంది. చపాతీలకు వేరే పెనం పెట్టమన్నారు, పెట్టాను. మా అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు! ఇనుప మూకుడులో పులుసు కాచొచ్చా అని అడిగినవారికి: వద్దండీ, పులుపు ఆ పొరను తినేస్తుంది.