“ఎలక్ట్రాన్ బైఫర్కేషన్”కి తెలుగు మాట: చీలేది ఎలక్ట్రానా, జంటా?

ప్రశ్న:
రోడోబాక్టర్ కాప్సులేటస్ అనే ఊదా బాక్టీరియాలో సైటోక్రోమ్ బీసీ1 కాంప్లెక్స్ (త్వచంలో ఉండి ఎలక్ట్రాన్లను చేరవేసే ప్రోటీన్ల గుంపు) గురించి డిగ్రీ పాఠం తయారవుతోంది. “బైఫర్కేషన్”కి “ఎలక్ట్రాన్ ద్విధావిచ్ఛిత్తి” అని పెట్టవచ్చా?

జవాబు:
వద్దండీ. ద్విధావిచ్ఛిత్తి అనగానే ఒక బాక్టీరియా రెండు కావడమే పిల్లలకు తోస్తుంది, పాఠమేమో బాక్టీరియా గురించే. పైగా ఎలక్ట్రాన్ చీలదు. ఈ కాంప్లెక్స్‌లో క్యూఓ అనే చోట క్వినాల్ (త్వచంలో ఎలక్ట్రాన్లు మోసే చిన్న అణువు) రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, అవి చెరో దారి పడతాయి. ఒకటి రీస్కె ప్రోటీన్‌లోని ఇనుము-గంధకం గుత్తికి, అక్కడి నుంచి సైటోక్రోమ్ సీ1 మీదుగా సైటోక్రోమ్ సీ2కి వెళ్తుంది. రెండోది బీఎల్, బీహెచ్ అనే హీముల (ఇనుమున్న వలయాల) మీదుగా త్వచం అవతలి వైపున్న క్యూఐ చోటికి చేరుతుంది. చీలింది జంట. “జంట చీలిక” అనండి.

మరో జవాబు:
“పాయ” ఎలా ఉంటుంది? ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలైనట్టు.

జవాబు:
బొమ్మ గీయడానికి బాగుంటుంది గానీ అసలు సంగతి అందులో జారిపోతుందండీ. పాయలు రెండూ పల్లానికే పోతాయి. ఇక్కడ పీహెచ్ 7 దగ్గర క్వినాల్ పొటెన్షియల్ సుమారు +90 మిల్లీవోల్టులు, రీస్కె గుత్తిది +300, బీఎల్ హీముది −90. ఎలక్ట్రాన్‌కి పొటెన్షియల్ ఎక్కువున్న వైపే పల్లం, కాబట్టి మొదటి ఎలక్ట్రాన్ రెండొందల మిల్లీవోల్టుల దాకా పల్లం దిగుతుంది, రెండోది ఇంచుమించు అంతే మిట్ట ఎక్కాలి. దిగేదే ఎక్కేదాన్ని లేపుతుంది. దీనికి మన ఏతం ఉంది: మాను మీద మనిషి వెనక్కి నడిస్తే ఆ కొస దిగుతుంది, బావిలోని బాన పైకొస్తుంది. పేరు “జంట చీలిక”, వివరణకు ఏతం. ఎక్కిన ఎలక్ట్రాన్‌కి తర్వాత సులువే, బీహెచ్ హీము +50 దగ్గర ఉంటుంది.

ప్రశ్న:
మరి “క్యూ చక్రం” అన్నా ఇదేనా?

జవాబు:
కాదు, ఈ రెండూ కలిపేస్తేనే లెక్క తప్పుతుంది. ఒక జంట చీలికలో బయటికి వచ్చేవి 2 ప్రోటాన్లు. పీటర్ మిచెల్ 1975లో ప్రతిపాదించిన క్యూ చక్రం పూర్తి కావాలంటే రెండు చీలికలు జరగాలి. అప్పుడు 4 ప్రోటాన్లు బయటికి వస్తాయి, 2 లోపలి నుంచి ఖర్చవుతాయి, క్యూఐ దగ్గర ఒక క్వినాల్ మళ్లీ తయారవుతుంది. అంటే నికరంగా ఖర్చయ్యేది ఒక్క క్వినాలే. “ఒక చీలికకు నాలుగు” అని రాస్తే అది తప్పు.

“నిరోధకం” అన్న మాట కూడా ఒంటరిగా వదలకండి, ఎక్కడ ఆపుతుందో చెప్పాలి. ఆంటీమైసిన్ క్యూఐని మూస్తుంది. హీములు ఎలక్ట్రాన్లతో నిండిపోతాయి, క్రోమటోఫోర్ల (ఈ బాక్టీరియా త్వచం నుంచి తీసిన చిన్న సంచుల) మీద కాంతి ఫ్లాష్ వేస్తే, ఎలక్ట్రాన్ అందిన బీ హీములు కాంతిని పీల్చే 560 నానోమీటర్ల దగ్గర శోషణ పెరిగి అక్కడే నిలుస్తుంది. రెండో ఎలక్ట్రాన్‌కి దారి లేక క్యూఓ దగ్గర మిగిలిన సెమీక్వినోన్ (ఒక ఎలక్ట్రాన్ మాత్రమే వదిలిన క్వినాల్) ఆ ఎలక్ట్రాన్‌ని ఆక్సిజన్‌కి ఇచ్చేస్తే సూపరాక్సైడ్ (అదనపు ఎలక్ట్రాన్ ఉన్న ఆక్సిజన్) పుడుతుంది. స్టిగ్మటెల్లిన్ మూసేది క్యూఓనే కాబట్టి అక్కడ జంట చీలదు, ఆ 560 పెరుగుదలా కనపడదు.