పదిహేను కోర్సుల విందు, మావారి జీడిపప్పు–నువ్వుల అలర్జీ: ముందుగా ఏమి చెప్పాలి?

ప్రశ్న: మల్లెపందిరి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు లండన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వచ్చే నెల మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాము. మా పెళ్లయి ముప్ఫయ్యేళ్లు నిండుతున్న సందర్భంగా, ప్రయోగాత్మకమైన వంటలకు పేరున్న ఒక రెస్టారెంటులో అమ్మాయి మా నలుగురికీ టేబుల్ బుక్ చేసి, డబ్బు కూడా ముందే కట్టేసింది. అక్కడ మనం కోరుకునేది ఏమీ ఉండదట. పదిహేను చిన్న చిన్న కోర్సులు వాళ్లే వరుసగా తెచ్చి పెడతారు, మూడున్నర గంటలు పడుతుంది, అతిథులు ఆశ్చర్యపోవాలని మెనూ కూడా చివరనే చేతికి ఇస్తారు.

మావారికి జీడిపప్పు, నువ్వులు పడవు. రెండేళ్ల క్రితం హైదరాబాదులోనే ఒక పెద్ద రెస్టారెంటులో, "ఇందులో జీడిపప్పు లేదు కదా బాబూ" అని అడిగితే, వడ్డించే అబ్బాయి గిన్నెలోకి ఒకసారి తొంగి చూసి "లేదమ్మా" అన్నాడు. పలుకులు పైకి కనబడని మాట నిజమే గాని, ఆ గ్రేవీ మొత్తం జీడిపప్పు ముద్దతో చేసినదని తరువాత తెలిసింది. పది నిమిషాలు తిరగకుండా పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోయి ఆయన మాట్లాడలేకపోయారు. ఆసుపత్రికి వెళ్లే దారిలో నేను పడిన వేదన ఇప్పటికీ మరిచిపోలేను. ఆ తరువాత ఆయన బయట భోజనం దాదాపు మానేశారు.

కూర చూసి కూడా అందులో ఏముందో చెప్పలేకపోయిన చోటే అలా జరిగితే, చూడడానికి ఒకటి, తినడానికి ఇంకొకటిగా ఉండే ఇలాంటి వంటల దగ్గర ఏమవుతుందోనన్నది నా భయం. ఎప్పుడు, ఎవరికి, ఎంత వివరంగా చెప్పాలి? ఇంకొక సంగతి కూడా ఉంది. విస్తరి ముందు కూర్చున్నాక వంక పెట్టకూడదన్న పెంపకంలో పెరిగిన మనిషి కావడం వల్ల, నలుగురిలో "నాకిది వద్దు" అనడానికి ఆయన చాలా ఇబ్బంది పడతారు. తెలిసినవారు చెప్పండి.

జవాబు: పొయ్యిగట్టు

మల్లెపందిరి గారూ, నేను ఇంగ్లండులో ఇలాంటి ఒక వంటశాలలో ఆరేళ్లు పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలో స్థిరపడ్డాను. అందువల్ల వంటింటి వైపు నుంచి చెబుతాను.

అన్నిటికంటే ముందు, చెప్పవలసింది టేబుల్ దగ్గర కూర్చున్నాక కాదు, ఈ రోజే. ఇలాంటి చోట ఒక్కొక్క ప్లేటులో పది పన్నెండు భాగాలు ఉంటాయి, వాటిలో సగం ఆ పూట చేసినవి కావు. పదార్థాల నుంచి తీసిన సారాలు, సువాసన నూనెలు, పొడులు, వారాల తరబడి పులియబెట్టిన ముద్దలు ముందే తయారై డబ్బాల్లో ఉంటాయి. విందు మొదలయ్యాక "నువ్వులు పడవు" అంటే, ఆ నూనె కలిసిన భాగాన్ని ప్లేటులోంచి తీసేయడం తప్ప మరో దారి వాళ్లకు ఉండదు. వారం ముందు చెబితే ఆ ఒక్కరి కోసం వేరే నూనెతో అదే వంట చేయగలరు. ఆలస్యంగా చెప్పిన అతిథికి భద్రత తగ్గడమే కాక, రుచి కూడా తగ్గుతుంది.

మన భాషలో "పడదు" అన్న మాట ఎంత సౌకర్యమైనదో, వంటింటికి అంత ప్రమాదకరమైనది. వంకాయ నచ్చకపోయినా పడదంటాము, పెరుగు తింటే జలుబు చేస్తుందన్నా పడదంటాము, ప్రాణం మీదికి వచ్చే దానికీ పడదనే అంటాము. మీ అమ్మాయి చేత రాయించే ఉత్తరంలో ఈ తేడా స్పష్టంగా ఉండాలి. ఏ పదార్థం, ఎంత తింటే ఏమయింది, ఎన్ని నిమిషాల్లో అయింది, ఆసుపత్రి దాకా వెళ్లారా లేదా అన్నవన్నీ నాలుగు వాక్యాల్లో రాయించండి. ఇష్టం లేనివాటిని ఈ ఉత్తరంలో కలపవద్దు. పదిహేను పేర్ల జాబితా వచ్చినప్పుడు, అందులో ప్రాణాంతకమైనవి రెండే అన్న సంగతి మరుగున పడిపోవడం నేను స్వయంగా చూశాను.

మీకు ధైర్యం కలిగించే విషయం కూడా ఉంది. రోజుకు వందల ప్లేట్లు వడ్డించే హోటల్లో ఏ గ్రేవీ ఎవరికి వెళ్తోందో వంటవాడికి తెలియదు. ఇలాంటి చోట ఆ రాత్రి వచ్చే ముప్ఫై నలభై మందిలో ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎవరికి ఏ భాగం మార్చాలో మధ్యాహ్నమే అందరూ నిలబడి చదువుకుంటారు. మా దగ్గర అలర్జీ ఉన్న అతిథి ప్లేటుకు విడిగా కత్తి, పలక, చెంచాలు ఉండేవి. దాన్ని ఒక్కరే సిద్ధం చేసేవారు, ఒక్కరే తీసుకువెళ్లేవారు. అన్నిచోట్లా ఇదే పద్ధతి ఉంటుందని నేను హామీ ఇవ్వలేను కనుక, మీరు ఈ ప్రశ్ననే వాళ్లను అడగండి.

భయపడవలసినది మాత్రం రూపం దగ్గర. స్పెయిన్‌లో 2011లో మూతపడిన ఎల్ బుల్లి అనే రెస్టారెంటులో షెఫ్ ఫెర్రాన్ ఆడ్రియా ఆలివ్ పండు లాంటి ఒక బొట్టును పెట్టేవారు. నోట్లో వేసుకోగానే పలుచని పొర చిట్లి లోపలి ఆలివ్ రసం బయటికి వచ్చేది. సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేటుకు కాల్షియం తగిలినప్పుడు ఏర్పడే పొర అది. ఇంగ్లండులోని బ్రే గ్రామంలో ఉన్న ఫ్యాట్ డక్ రెస్టారెంటులో సముద్రపు ఒడ్డును తలపించే ఒక వంటకంతో పాటు, శంఖంలో అమర్చిన ఇయర్‌ఫోన్ల ద్వారా అలల చప్పుడు వినిపిస్తారు. ఆ ప్లేటులో ఇసుకలా కనబడేది తినే పొడే. అలాగే చాలాచోట్ల "మట్టి" అని పెట్టేది వేయించిన గింజల పొడి కావచ్చు, నల్ల నువ్వులు కావచ్చు. మా వంటశాలలో హేజెల్ నట్లతో చేసేవాళ్లం. కాబట్టి కంటితో చూసి నిర్ణయించుకోవడం ఇక్కడ పూర్తిగా మానుకోవాలి.

జీడిపప్పు పడనివారికి పిస్తా కూడా చాలా తరచుగా పడదు, ఆ రెండూ ఒకే కుటుంబపు చెట్లు. దాదాపు ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది. పింక్ పెప్పర్ అని అలంకరణకు చల్లే గులాబీరంగు గింజలు మన మిరియాల జాతివి కావు, అవి జీడి కుటుంబానికే చెందుతాయి. జీడిపప్పు అలర్జీ ఉన్నవారికి వాటివల్ల ప్రతిచర్య వచ్చిన సందర్భాలు వైద్యుల దృష్టికి వచ్చాయి. మామిడి కూడా ఆ కుటుంబమే అయినా జీడిపప్పు పడనివారిలో చాలామంది మామిడిపండు తింటారు, మీవారి అలవాటు మీకు తెలిసే ఉంటుంది. నువ్వుల విషయానికి వస్తే తహీనీ, అరబ్బు దేశాల హల్వా, జాతర్, దుక్కా, జపానువారి ఫురికాకే వంటి పేర్ల వెనుక అవి దాగి ఉంటాయి.

చట్టం కూడా తెలుసుకోండి. బ్రిటన్‌లో 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు తమ వంటల్లో 14 రకాల అలర్జీ పదార్థాలు ఉన్నదీ లేనిదీ అతిథికి తెలియజేసి తీరాలి. ఆ జాబితాలో జీడిపప్పు, పిస్తా, నువ్వులు, ఆవాలు ఉన్నాయి, పింక్ పెప్పర్ లేదు. అందుకే దాన్ని పేరు పెట్టి అడగాలి. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల జాబితాలో వేరుశనగ, జీడిపప్పు వంటివి ఉన్నా నువ్వులకు, ఆవాలకు చోటు లేదు. నువ్వులు లేని వంటిల్లు దాదాపు లేని మన ప్రాంతంలో ఇది నన్ను ఎంతో బాధపెట్టే లోపం.

జవాబు: నెమలికన్ను

మా అబ్బాయికి పదకొండేళ్లు, వేరుశనగ, గుడ్డు అలర్జీలు ఉన్నాయి. షెఫ్ గారు వంటింటి సంగతి చక్కగా చెప్పారు కనుక నేను మందుల సంగతి మాత్రమే చెబుతాను.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, ఆ రోజు వచ్చినది అనఫిలాక్సిస్ అనే తీవ్రమైన ప్రతిచర్యలాగానే ఉంది. దానికి మొదటి మందు తొడ బయటివైపు కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్. దద్దుర్లకు వాడే సెట్రిజిన్ వంటి మాత్రలు దురదను తగ్గిస్తాయి గాని, బిగుసుకుపోతున్న గొంతును కాపాడలేవు. మాత్ర వేసి చూద్దామని వేచి ఉండడమే చాలామంది చేసే పొరపాటు. పెన్నులా ఉండి, తొడకు నొక్కితే చాలు మందు లోపలికి వెళ్లే ఆటో ఇంజెక్టర్లు బ్రిటన్‌లో డాక్టరు చీటీతో దొరుకుతాయి. మన దగ్గర అవి దొరకడం కష్టం. ప్రయాణానికి ముందే అలర్జీ వైద్యుణ్ణి కలిసి, మీవారి కోసం ఏమి తీసుకువెళ్లాలో, ఎలా వాడాలో నేర్చుకుని, విమానంలో చూపించడానికి చీటీ కూడా రాయించుకోండి. అక్కడివాళ్లకు ఎప్పుడూ రెండు దగ్గర పెట్టుకోమని చెబుతారు, ఒక్కోసారి మొదటిది సరిపోదు.

ఆ మందు హోటల్ గదిలోనో, కోటు అప్పగించిన చోటో కాక మీ చేతిసంచిలోనే ఉండాలి. ప్రతిచర్య మొదలైతే ఆయనను లేచి నడవనివ్వకండి. పడుకోబెట్టి, కాళ్లు ఎత్తులో ఉంచి, ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోబెట్టి, అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. తగ్గినట్టు కనబడినా కొన్ని గంటల తరువాత మళ్లీ తిరగబెట్టవచ్చు కనుక ఆసుపత్రికి వెళ్లవలసిందే. ఇలాంటి విందుల్లో ప్రతి కోర్సుకూ ఒక వైను జత చేసి ఇస్తారు. మద్యం వల్ల ప్రతిచర్య తీవ్రం కావచ్చని మా డాక్టరు గారు చెప్పారు, మీవారికి ఆ అలవాటు ఉంటే ఆ పూటకు మానడమే మంచిది.

జవాబు: చింతచిగురు

నేను వడ్డన గురించి చెబుతాను, ఎందుకంటే ఒకసారి ప్రమాదం తప్పినది నాకు అక్కడే. నాకు రొయ్యలు, పీతలు పడవు. విదేశంలో ఇలాంటి ఒక విందుకు వెళ్లినప్పుడు ముందే రాశాను, వాళ్లు ఎంతో శ్రద్ధగా అన్నీ మార్చారు. అయితే ఏడో కోర్సు దగ్గర ఫొటో కోసం నేనూ మా చెల్లెలూ కుర్చీలు మార్చుకున్నాము. ప్లేట్లు కుర్చీ సంఖ్యను బట్టి వస్తాయి. రొయ్య నూనె వేసిన ప్లేటు నా ముందుకు వచ్చింది. తెచ్చినావిడ ప్రతి భాగం పేరూ వివరించే అలవాటు ఉన్న మనిషి కావడం వల్ల, నేను ఆ పేరు విని ఆగాను. ఆ రాత్రి ఆవిడ ముఖం తెల్లబడిపోయింది, తప్పు మాదే అని ఎంత చెప్పినా ఆవిడ ప్లేటు తీసుకువెళ్లి కొత్తది చేయించింది. కనుక విందు పూర్తయ్యే వరకు ఎవరి కుర్చీలో వారే కూర్చోండి.

ఒకరి ప్లేటులోది ఒకరికి రుచి చూపించడం మన ఆప్యాయతలో భాగం. ఆ ఒక్క రాత్రికి దాన్ని పక్కన పెట్టాలి, చెంచాలు కూడా మారకూడదు. ప్లేటు వచ్చిన ప్రతిసారీ, వివరణ పూర్తయ్యాక, "ఇది నువ్వులు, జీడిపప్పు లేకుండా చేసినదేనా" అని మీవారే కాక మీలో ఎవరైనా అడగవచ్చు. మీ అమ్మాయికి ఆ పని అప్పగిస్తే ఆయనకు ఇబ్బంది తగ్గుతుంది. పదిహేను సార్లు అడిగినా మంచి వడ్డన తెలిసినవారు విసుక్కోరు. విసుక్కున్నారంటే ఆ ప్లేటు తినకపోవడానికి అదొక్కటే చాలిన కారణం.

మన దేశంలోని ఇలాంటి చోట్ల గురించి ఒక మాట. 2017లో చెన్నైలో మొదలైన ఆవర్తన రెస్టారెంటు వంటివి మన రసాన్నే తేటనీటిలా మార్చి అందిస్తున్నాయి. రుచి తెలిసినదే కనుక అందులో ఏముందో మనకు తెలుసనుకుంటాము. గోధుమలు పడనివారు ఇంగువను మరిచిపోకూడదు, బజారులో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుపుతారు. రొయ్యలు పడని నాలాంటివారు చీమలు, మిడతలు వడ్డించే చోట వాటిని కూడా ముట్టకూడదు, రెండింటిలోనూ ట్రోపోమయోసిన్ అనే ఒకే రకం ప్రోటీను ఉంటుంది.

మల్లెపందిరి

ముగ్గురికీ మనఃపూర్వకమైన కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే అమ్మాయి చేత ఉత్తరం రాయించాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. బ్రెడ్డులోనూ ఒక సాసులోనూ నువ్వులు ఉన్నాయని, ఒక తీపి వంటకం మీద పింక్ పెప్పర్ చల్లుతామని, ఈ మూడూ ఆయనకు మారుస్తామని వివరంగా రాశారు. వాళ్లంతట వాళ్లే పిస్తా సంగతి కూడా అడిగారు. చివరలో మాత్రం, "మా వంటశాలలో గింజలు, నువ్వులు వాడతాము కనుక లేశమాత్రమైనా తగలదని హామీ ఇవ్వలేము" అని ఉంది. మావారు ఆ ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివి, "వీళ్లు నిజం చెబుతున్నారు" అన్నారు. నాకు మాత్రం ఆ చివరి వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పొయ్యిగట్టు

ఆ వాక్యం దాదాపు ప్రతి వంటశాలా రాస్తుంది. కాని అది రాసినవాళ్లందరూ పింక్ పెప్పర్ గురించి చెప్పరు, పిస్తా గురించి అడగరు. వాళ్లు మీ ఉత్తరాన్ని మెనూ పక్కన పెట్టుకుని చదివారన్నది నాకు స్పష్టంగా కనబడుతోంది. అయినా నిర్ణయం వాళ్ల మంచితనం మీద కాక మీవారి శరీరం మీద ఆధారపడాలి. ఆ రోజు ఆయన తిన్నది గ్రేవీ నిండా జీడిపప్పు. గాలిలో లేచిన పొడి, సరిగ్గా కడగని గరిటె వంటి కొద్దిపాటి మోతాదుకు కూడా ఆయనకు ఎప్పుడైనా ప్రతిచర్య వచ్చిందా? వచ్చి ఉంటే వెళ్లవద్దు, ఎంత డబ్బు కట్టినా సరే. రాకపోయినా అంతమాత్రాన ధైర్యపడకుండా వైద్యుణ్ణి అడగండి, అలర్జీ తీవ్రత ప్రతిసారీ ఒకేలా ఉండదు. వెళ్లడానికే నిశ్చయించుకుంటే, ఆ పూట నువ్వులు, గింజలు నూరే పని ఆయన ప్లేటు సిద్ధమయ్యే బల్లకు దూరంగా జరుగుతుందా అని వాళ్లను ఇంకొక్క ప్రశ్న అడగండి. వెళ్లలేమనుకుంటే వెంటనే తెలియజేయండి, వైద్య కారణం ముందే చెబితే తేదీ మార్చడమో డబ్బు తిరిగి ఇవ్వడమో చేసే చోట్లు ఉన్నాయి.

మల్లెపందిరి

ఆయన్ను అడిగాను. పోయిన సంక్రాంతికి పక్కింట్లో నువ్వుండలు చుడుతుంటే అక్కడ కూర్చుని మాట్లాడి వచ్చి, సాయంత్రం కళ్లు దురద పెట్టాయని చెప్పడం ఇద్దరికీ గుర్తుకు వచ్చింది. అప్పుడు దుమ్ము అనుకున్నాము. శుక్రవారం అలర్జీ డాక్టరు గారి దగ్గర సమయం తీసుకున్నాను. డాక్టరు గారు చెప్పేవరకు టేబుల్ అలాగే ఉంచమని అమ్మాయికి చెప్పాను.