‘సర్వముఁ దానయైన’: అక్కడున్నది తానా, దానా? దిస్‌ని తెలుగులో ఏమందాం?

ఆదివారం పంతులు:
రెండు రోజులుగా ఒక పాదం నోట్లో నానుతోంది, పూర్తిగా రావడం లేదు. సందర్భం చెప్తాను. ఆదివారాలు మా ఊళ్లో డిగ్రీ పిల్లలు ఎనిమిది మందికి జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతుంటాను, తెలుగులోనే. మొన్న మెథడ్ల పాఠం. పేర్లు కూడా తెలుగు లిపిలోనే పెట్టాను, జావాస్క్రిప్ట్ దానికి ఒప్పుకుంటుంది. రాముడు అని ఒక ఆబ్జెక్టు. అందులో పేరు అని ఒక ప్రాపర్టీ, అంటే దాచుకున్న విలువ; పలుకు అని ఒక మెథడ్, అంటే ఆ ఆబ్జెక్టుకి చెందిన ఫంక్షన్. పలుకు లోపల ఉన్నది ఒకటే మాట: రిటర్న్ దిస్.పేరు.

రాముడు.పలుకు() అని కొడితే పేరు వచ్చింది. ఒకమ్మాయి లేచి, “సార్, దిస్ అంటే ఇది కదా. ఇది అంటే ఏది?” అంది. “ఈ ఫంక్షనే” అని వెనక నుంచి ఇంకో అబ్బాయి. కాదని చెప్పాలి. కానీ ‘ఇది’ అన్న మాట బోర్డు మీద పెట్టుకుని ఈ ఫంక్షన్ కాదని ఎలా చెప్పను? ఆ క్షణంలో ‘తాను’ అన్నాను. దిస్ అంటే తాను, ఎవరు పలికితే వాళ్లే తాను. అంటుండగానే పోతన పద్యంలో “సర్వము తానైన వాడు” అన్న ముక్క తట్టింది. పాదం మొత్తం ఎవరికైనా గుర్తుందా? దిస్‌కి ‘తాను’ నిలబడుతుందా?

అరసున్న:
“తానైన” కాదండీ, “తానయైన”. గజేంద్రుడి మొర, ఎనిమిదో స్కంధం. మూడో పాదం ఇది:
“బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దానయైన వాఁ”
తర్వాతి పాదం ‘డెవ్వఁడు’తో ఎత్తుకుంటుంది. ఉత్పలమాల కాబట్టి భ ర న భ భ ర వ. ‘దానయై’ దగ్గర ర గణం పడాలి: గురువు, లఘువు, గురువు. మీరు ‘తానైన’ అనేసరికి మధ్యలో లఘువు ఎగిరిపోయి ఇరవై అక్షరాల పాదం పంతొమ్మిదైంది. మీకు పూర్తిగా రాకపోవడానికి కారణం అదే, నాలుక అక్కడ తడబడుతుంది.

గోదారి గట్టు:
మా నాయనమ్మ “సర్వము దానమైన వాడు” అని చదివేది. ఉన్నదంతా దానం చేసేసినవాడు, అందుకే ఏనుగు ఆయన్నే పిలిచింది అని అర్థం కూడా చెప్పేది. పదో తరగతి దాకా నేనూ అదే నమ్మాను. తర్వాత నా చేతికొచ్చిన చిన్న పుస్తకంలో అరసున్నలు తీసేసి “సర్వము దానయైన” అని వేశారు. అది చూసి ఇది ‘దాని’కి సంబంధించిన ‘దాన’ ఏమో అనుకున్నాను. అంటే పంతులు గారి క్లాసులో అమ్మాయి అడిగిందే నాకూ వచ్చింది. అక్కడున్నది తానా, అదా?

అరసున్న:
తానే. ‘సర్వమున్’ ద్రుతాంతం. దాని మీద తకారం వస్తే సరళాదేశం జరిగి దకారమవుతుంది, మిగిలిన ద్రుతానికి గుర్తుగా అరసున్న నిలుస్తుంది. ఆ అరసున్నని తీసేసి సరళాన్ని మాత్రం అలాగే ఉంచితే చదివేవాడికి ‘దాన’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే దారి లేదు. ఇక తాను మీద అవధారణార్థకమైన అకారం చేరి ‘తాన’, అంటే తానే. తాన మీద ఐన, యడాగమం వచ్చి తానయైన. నాయనమ్మ గారి అర్థం పోతనకి కూడా నచ్చి ఉండేది, కానీ పాఠం అది కాదు.

ఓరుగల్లు:
సంధి మంచిగ చెప్పిన్రు. కానీ ఒక మాట. మా దిక్కు భాగవతం చదివే పెద్దాయన ఒకరు “తానెయైన” అని చదవంగ నేను విన్న. అది కూడా గురువు, లఘువు, గురువే. యతి స్థానం పదో అక్షరం, అక్కడ డె ఉంది, దానిలోని ఎకారం మొదటి బెలోని ఎకారానికి కుదిరింది. ప్రాస ద్విత్వ వకారం, దానికీ దెబ్బ లేదు. అంటే ‘న’నా ‘నె’నా అన్నది గణాలు తేల్చవు, యతి తేల్చదు, ప్రాస తేల్చదు. మీరు ‘తాన’ అని అంత గట్టిగ ఎట్ల చెప్తున్నరు?

అరసున్న:
పాత కవుల భాషలో ఆ అకారం విరివిగా కనిపిస్తుంది. ఏకారం మనకి అలవాటైంది కాబట్టి చదివేవాళ్ల నోట్లో ‘అ’ ‘ఎ’గా మారడం సహజం. ఎదురు దిశలో మారడానికి కారణం కనబడదు. నా నమ్మకం అది.

ఓరుగల్లు:
నమ్మకం అంటే ఒప్పుకుంట. రుజువు అంటే ఒప్పుకోను.

పడమటి తీరం:
ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, అందుకని పంతులు గారి రెండో ప్రశ్నకి వస్తాను. ‘తాను’ అన్న మాట బాగుంది కానీ దానికి ఒక పరీక్ష పెట్టాలి. మీ పిల్లల చేత ఇలా రాయించండి:
కాన్స్ట్ మాట = రాముడు.పలుకు;
మాట();
ఫంక్షన్ అదే, ఒక్క అక్షరం మారలేదు. కానీ పిలిచేటప్పుడు ముందు రాముడూ లేడు, చుక్కా లేదు. స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే నియమాలు కఠినంగా ఉండే తీరులో, దిస్ అన్‌డిఫైన్డ్ (విలువ లేనిది) అవుతుంది, దాని పేరు అడగ్గానే టైప్‌ఎర్రర్ వస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే గ్లోబల్ ఆబ్జెక్టే దిస్ అయి కూర్చుంటుంది. ఎర్రర్ కూడా రాదు, పేరు మాత్రం రాదు. అది ఇంకా ప్రమాదం.

కొత్తవాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే. కాసేపాగి పిలవమని సెట్‌టైమౌట్‌కి రాముడు.పలుకు అని ఇస్తారు, బటన్ క్లిక్‌కి అదే ఇస్తారు. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కి ఇస్తే లోపల దిస్ ఆ బటన్ అవుతుంది. రాముడి పేరు అడిగితే బటన్ దగ్గర వెతుకుతుంది. కొత్తలో నేనూ ఒక రాత్రంతా దీని మీదే కూర్చున్నాను. పేరు ఖాళీగా ఎందుకు వస్తోందో అర్థం కాక, పేరు ఉన్న చోటే మళ్లీ మళ్లీ చూశాను. తప్పు పేరులో లేదు, పిలిచిన తీరులో ఉంది. తెలుగు ‘తాను’ ఇలా మనిషి మారితే మారుతుందా?

అరసున్న:
మారుతుంది. అదే దాని స్వభావం. “రాముడు తన పుస్తకం కృష్ణుడికి ఇచ్చాడు” అంటే పుస్తకం రాముడిదే. కర్త ఎవరైతే ‘తన’ వాళ్లదే. కర్తని మార్చండి, ‘తన’ ఒక్క అక్షరం మారకుండా కొత్తవాడిదైపోతుంది. కర్తని పూర్తిగా తీసేసి “తన పుస్తకం” అని ఊరుకోండి, ఎవరిదని వెంటనే అడుగుతారు. మీ అన్‌డిఫైన్డ్ అదే కదా.

పడమటి తీరం:
ఒప్పుకున్నాను. ఇప్పుడు అసలు చిక్కు. 2015లో బాణం గుర్తు ఫంక్షన్లు వచ్చాయి, యారో ఫంక్షన్లు. వాటికి సొంత దిస్ ఉండదు. ఎవరు పిలిచారన్నది పట్టించుకోవు, తమని ఏ చోట రాశారో అక్కడ బయట ఉన్న దిస్‌నే తీసుకుంటాయి. ‘తాను’ ఇక్కడ దెబ్బ తింటుంది.

అరసున్న:
దెబ్బ తినదు. “సీత, రాముడు తనని చూశాడని చెప్పింది.” తనని అంటే ఎవరిని?

పడమటి తీరం:
సీతని.

అరసున్న:
పక్కనే రాముడున్నాడు, చూశాడు అన్న క్రియకి కర్త అతనే. అయినా ‘తన’ అతన్ని దాటుకుని బయటి వాక్యంలో ఉన్న సీత దగ్గరికి వెళ్లింది. లోపలి కర్తని వదిలి బయటి కర్తని పట్టుకోవడం మన భాషకి కొత్త కాదు. మీ బాణం చేసే పని అదే.

పడమటి తీరం:
ఈ వాక్యం నాకు ఇరవై ఏళ్ల కింద ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. పంతులు గారూ, దీన్ని కోడ్‌లో ఇలా చూపించండి. రాముడికి మిత్రులు అని ఒక జాబితా పెట్టండి. పలుకు మెథడ్ లోపల ఆ జాబితా మీద మ్యాప్ (జాబితాలో ఒక్కొక్కదానికీ ఇచ్చిన ఫంక్షన్ నడిపేది) పిలిచి, మ్యాప్‌కి ఒక బాణం ఫంక్షన్ ఇచ్చి, అందులో దిస్.పేరు వాడండి. రాముడి పేరే వస్తుంది, ఎందుకంటే బయటి పలుకుకి తాను రాముడు. అదే బాణం స్థానంలో మామూలు ఫంక్షన్ పెడితే రాదు. ఇంకోటి, పలుకునే బాణంతో రాయొద్దని గట్టిగా చెప్పండి. అప్పుడు బయటి తాను రాముడు కాడు, రాముడు ఇంకా తయారవుతున్న వాక్యంలోనే ఉన్నాం.

తామ్రపర్ణి:
ఆలస్యంగా వచ్చాను. మీరంతా పాత ‘తాను’ మీద మాట్లాడుతున్నారు. ఇవాళ మాటల్లో “తను నిన్న రాలేదు” అంటే ఎదురుగా లేని మూడో మనిషి, ఆడైనా మగైనా. డిగ్రీ పిల్లల చెవికి ‘తను’ అంటే అదే. అలాంటప్పుడు ‘తను.పేరు’ అంటే ఎవరో ఇంకొకరి పేరు అనుకోరా? తెలుగు కోసం పట్టుబట్టి పిల్లల్ని కొత్త తికమకలో పెట్టొద్దు. దిస్‌ని దిస్ అనే ఉంచండి, వివరణ తెలుగులో ఇవ్వండి.

అరసున్న:
అందుకే హ్రస్వం వద్దు, ‘తాను’ అని దీర్ఘంతో చెప్పాలి. ‘తాను’ని ఎవరూ మూడో మనిషికి వాడరు.

తామ్రపర్ణి:
పత్రికలు చదివితే వాడుతున్నారు. ఒక్క దీర్ఘం మీద పాఠం నిలబెట్టలేం.

ఓరుగల్లు:
నాకు ‘తాను’ కన్న ఆ చుక్క మీదనే ఆసక్తి. రాముడు.పేరు అంటే రాముడి పేరు, షష్ఠి. మరి రాముడు.పలుకు() అంటే? రాముడిచేత పలికించు, తృతీయ. ఒకే చుక్కకి రెండు విభక్తులు. పోతన చూడున్రి, “ఎవ్వనిచే జనించు” అని చే, వెంటనే “ఎవ్వనిలోపల” అని లోపల, ఆ వెనక “ఎవ్వనియందు” అని అందు. ఒక్కొక్క క్రియకి ఒక్కొక్క విభక్తి తూచి పెట్టిండు. పుట్టుకకి ‘వలన’ అని మనం నేర్చుకుంటే ఆయన ‘చే’ అన్నడు. వలన అంటే దాన్నుంచి వచ్చిందని, చే అంటే వాడు చేసిండని. ఆ ఒక్క ‘చే’లో జగత్తుని చేసిన చెయ్యి కనబడ్తది నాకు.

గోదారి గట్టు:
చే, చేయి ఒకటేనని మీరంటుంటే ఒళ్లు పులకరించింది. కానీ చుక్క విషయంలో నాది వేరే ఆలోచన. అది సంబోధన. “రామూ, పలుకు!” పేరు పెట్టి పిలిచి పని చెప్పడం. ఫంక్షన్ని కాల్ చేయడం అంటాం కదా, కాల్ అంటే పిలుపే.

ఆదివారం పంతులు:
ఇది నేను రేపే వాడుకుంటాను. పిల్లలు మెథడ్ పేరు రాసి బ్రాకెట్లు మర్చిపోతుంటారు. రాముడు.పలుకు అని రాసి, పేరు రాలేదేమని అడుగుతారు. లాగ్ చేస్తే ఫంక్షనే తెర మీద కనబడుతుంది. తెలుగులో పలుకు నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. బ్రాకెట్లు లేకుండా రాస్తే అది “రాముడి పలుకు”, ఒక వస్తువు, ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు. బ్రాకెట్లు పెడితే “రామూ, పలుకు”. అప్పుడు ఓరుగల్లు గారి షష్ఠీ ఉంటుంది, గట్టు గారి సంబోధనా ఉంటుంది, తేడా బ్రాకెట్లలో ఉంటుంది.

ఓరుగల్లు:
తృతీయ ఎటు పోయింది?

పడమటి తీరం:
తృతీయకి కాల్ ఉంది. రాముడు.పలుకు.కాల్(సీత) అని రాస్తే ఆ పలుకుని సీతచేత పలికించినట్టే, దిస్ సీత అవుతుంది. బైండ్ అయితే పిలవదు, ఫలానా వాళ్లచేతే అని ముడి వేసిన కొత్త ఫంక్షన్ ఇస్తుంది. పైన చెప్పిన బటన్ తిప్పలకి మందు అదే. ఎవరికి చెందినదన్నది కాదు, ఎవరిచేత అన్నదే ప్రశ్న.

తామ్రపర్ణి:
సరే, ఇదొక్కటి నాకూ నచ్చింది. కానీ మెథడ్‌ని ‘పద్ధతి’ అని మాత్రం రాయకండి. పలుకు రాముడి పద్ధతి అంటే వాడి నడవడి గురించి చెప్పినట్టుంటుంది. ఫంక్షన్‌కి లెక్కల పుస్తకాల్లో ‘ప్రమేయం’ ఉంది, అది చదువుకున్న పిల్లలకి పరిచయమే. మెథడ్‌కి అంత స్థిరపడిన మాట లేదు.

అరసున్న:
పిల్లలకి సరదాగా ఇంకోటి చూపించండి. “తెలుగు” అన్న మాటకి లెంగ్త్ అడగండి, ఆరు అంటుంది. మనకి మూడక్షరాలే. అది హల్లునీ గుణింతపు గుర్తునీ విడివిడిగా లెక్కపెడుతుంది. “క్ష”కి మూడు. అందుకే స్ప్లిట్ చేసి రివర్స్ చేస్తే గుణింతాలు హల్లుల్ని వదిలి ముందుకు జరిగిపోతాయి. ఈ లెక్కన పోతన పాదానికి ఇరవై రానే రాదు. అక్షరాల లెక్క కావాలంటే మాటని అక్షరాలుగా విడగొట్టే ఇంటల్.సెగ్మెంటర్ వాడాలి, అదీ సంయుక్తాక్షరాల దగ్గర అన్ని బ్రౌజర్లలో ఒకేలా ఉండదు.

ఓరుగల్లు:
మీరు లెంగ్త్‌కి వెళ్లిన్రు గానీ ‘తాన’కి రుజువు ఇంక పెట్టలేదు. అచ్చు ప్రతి కాదు, తాటాకు ప్రతిలో ఆ పాదం ఎట్లుందో చూసినవాళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి.

గోదారి గట్టు:
నాయనమ్మ భాగవతం అటక మీద ఉంది, అరసున్నలున్న పాత అచ్చు. పండక్కి ఊరెళ్తున్నాను, ఆ పేజీ ఫొటో పెడతాను. ఆవిడ పక్కన పెన్సిలుతో ‘దానము’ అని రాసుకున్నట్టు గుర్తు.

ఆదివారం పంతులు:
ఫొటో కోసం చూస్తుంటాను. ఈలోగా ఇవాళ పొద్దున అదే అమ్మాయి మెసేజ్ పెట్టింది: “సార్, నల్ అంటే లేడు. మరి అన్‌డిఫైన్డ్ అంటే?” గజేంద్రుడే “కలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో” అన్నాడు కదా, అన్‌డిఫైన్డ్‌కి ఆ ‘కలడో లేడో’ సరిపోతుందా, లేక అక్కడ ఉన్నది వేరే సందేహమా?