‘పుష్పవిలాపం’ ప్లేటు – మీరు దాచుకున్న రికార్డులు

తెనాలి శ్రోత:
అందరికీ నమస్కారం. మా తాతగారి చెక్కపెట్టెలోని గ్రామఫోను ప్లేట్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఘంటసాలగారి ‘పుష్పవిలాపం’. 78 వేగపు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పట్టేది కనుక కరుణశ్రీగారి పద్యాలను రెండు వైపులకూ పంచారు. మొదటి వైపు అయ్యాక తాతగారు లేచి, ప్లేటును అంచులు పట్టుకొని తిప్పి, ముల్లు మార్చి, మళ్లీ కీ ఇచ్చేవరకు ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఈమధ్య కొన్న ప్లేయరు మీద, వేగం 78కి మార్చే వేసినా, బరబరమనే శబ్దం గొంతును మింగేస్తోంది. ప్లేటు అరిగిపోయిందంటారా? అలాగే, మీ ఇంటికి సంగీతాభిమాని ఎవరైనా వస్తే మొదట ఏ రికార్డు వినిపిస్తారో కూడా తెలియజేయగలరు.

పాత ప్లేట్ల అభిమాని:
అరిగిపోయిందని అప్పుడే అనుకోకండి. మీ ప్లేయరుకు ఉన్నది ఎల్పీల (ఎక్కువసేపు పాడే తరువాతి కాలపు రికార్డుల) కోసం చేసిన సన్నని ముల్లు అయి ఉంటుంది. 78 ప్లేటు గాడి దానికన్నా చాలా వెడల్పు కాబట్టి, ఆ ముల్లు గాడి గోడలకు ఆనకుండా అడుగున దొర్లుతూ, పాటకు బదులు దుమ్మునూ గీతలనూ వినిపిస్తుంది. 78 ప్లేట్లకు వేరే ముల్లు దొరుకుతుంది, అది వేసి చూడండి. ఇంకొక మాట: స్పిరిటుతో మాత్రం తుడవకండి. ఆ ప్లేట్లలో ఉన్నది లక్క, స్పిరిటుకు కరిగిపోతుంది. మా ఊరి మరమ్మతు దుకాణంలో ఒకాయన మంచి ఉద్దేశంతోనే అలా తుడిచి ఇచ్చిన నాటకపద్యాల ప్లేటు ఒకటి నా దగ్గర ఉంది. నల్లని నిగనిగ పోయి, బూడిద పూసినట్లుగా మారింది, అందులోని పద్యం ఇక వినలేము. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు.

విజయనగరం నుంచి:
నేను మొదట వినిపించేది ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్. 78 ప్లేటులో ఆలాపనకు చోటు తక్కువ, అయినా ఆయన కమాను తొందరపడినట్లు ఒక్కచోట కూడా అనిపించదు.

హైదరాబాదు సోదరి:
మా ఇంట్లో ఘంటసాలగారి భగవద్గీత ఎల్పీ. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిన తరువాతే అది విడుదలైంది. శ్లోకం ముగిసి తెలుగు తాత్పర్యం మొదలయ్యే చోట ఆ గొంతు గానం నుంచి మాటలోకి దిగే తీరు వినండి. మీ ‘పుష్పవిలాపం’లోని పడుచు గొంతు విని, వెంటనే దీన్ని వింటే, ఒక మనిషి పాటతో గడిపిన కాలమంతా చెవికి తెలుస్తుంది.

తెనాలి శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. ముల్లు మార్పించాను. బరబర పూర్తిగా పోలేదు కానీ, పద్యం చివర ఆయన ఊపిరి తీసుకోవడం ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. మొదటి వైపు అయ్యాక మా అమ్మ తానే లేచి వచ్చి ప్లేటు తిప్పింది.