‘పికప్ మీ’ అని రాసిన పిల్లాడికి మార్కు కొట్టేయాలా?

కొర్లగుంట మాస్టారు:
మా ట్యూషన్‌లో పదో తరగతి పిల్లాడు నిన్న ఇలా రాశాడు: ‘మై ఫాదర్ విల్ పికప్ మీ ఎట్ రేణిగుంట స్టేషన్.’ తప్పే. ‘పిక్ మీ అప్’ అనాలి. ఎర్ర పెన్ను తీశాను గానీ చెయ్యి ఆడలేదు. వాళ్ల నాన్న రోజూ ఫోన్లో ‘సాయంత్రం పికప్ చేస్తాలే’ అంటాడు. నేనూ అదే అంటాను. మన నోట్లో ‘పికప్’ అతుక్కుపోయి ఒకే మాటయింది. లాగవుట్, బ్యాకప్, సెటప్, అన్నీ అంతే, చివర ‘చెయ్యి’ తగిలిస్తే పని అయిపోతుంది. ఇంగ్లిష్‌లో అవి రెండు మాటలని, మధ్యలో ‘మీ’ వచ్చి కూర్చుంటుందని వాడికి ఎవరైనా చెప్పారా?

చాలా చోట్ల ఇప్పటికీ రెండు వందల ఫ్రేజల్ వెర్బులు (‘పిక్ అప్’లా క్రియ వెనక చిన్న మాట చేరినవి), పక్కన తెలుగు అర్థాలు అచ్చేసి బట్టీ పట్టిస్తున్నారు. అది దండగ అని నా వాదన. అసలు ఆ కూర్పు ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మీరేమంటారు?

చిత్తూరు గుజ్జు ఆఫీసు:
మాస్టారూ, లాజిక్కు అనొద్దు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. ‘పుట్ అవుట్’ అంటే మంట ఆర్పడం. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. ‘పుట్’ అంటే పెట్టడం అని తెలిసినవాడు ఈ మూడింట్లో ఒక్కటైనా ఊహించగలడా?

నేను మామిడి గుజ్జు ఎగుమతి చేసే చోట మెయిళ్లు రాస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పార్టీ ‘వియ్ హావ్ టు కాల్ ఆఫ్ ది ఆర్డర్’ అని మెయిల్ పెట్టింది. కాల్ అన్నారు కదా, ఫోన్ చేస్తారని రెండు రోజులు ఎదురు చూశాను. ఆర్డర్ రద్దు చేశారని మేనేజర్ చెబితే గానీ తెలియలేదు. అప్పటికే గుజ్జు డ్రమ్ముల్లోకి ఎక్కేసింది. జాబితా బట్టీ పట్టి ఉంటే ఆ రోజు తిట్లు తప్పేవి.

కొర్లగుంట మాస్టారు:
మీ బాధ అర్థమైంది. కానీ తెలుగులో ‘పట్టు’ చూడండి. పట్టుబడ్డాడు అంటే దొరికిపోయాడు. పట్టుబట్టాడు అంటే మంకుపట్టు. పట్టించుకోలేదు అంటే లక్ష్యపెట్టలేదు. పట్టించాడు అంటే పోలీసులకు దొరికేలా చేశాడు. వీటిని మనం జాబితా చూసి నేర్చుకున్నామా?

ఇంకొకటి. ‘తిను’ వేరు, ‘తినేయ్’ వేరు. ‘ఏయ్’ చేరగానే కంచం ఖాళీ అయిపోవాలన్న అర్థం వస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చాలాసార్లు ‘అప్’ చేస్తుంది. ఈట్ అప్, తినేయ్. డ్రింక్ అప్, తాగేయ్. టియర్ అప్, చించేయ్. యూజ్ అప్, వాడేయ్. ఇల్లు ‘బర్న్ డౌన్’ అయితే మనం కాలిపోయింది అంటాం. అక్కడ ‘డౌన్’ మన ‘పోయింది’ లాంటిదే. ‘క్యారీ ఆన్’, ‘కీప్ ఆన్’లలో ‘ఆన్’ మన ‘చేస్తూ ఉండు’లో ‘ఉండు’. ఇలా చెబితే మా పిల్లల మొహాల్లో లైటు వెలుగుతుంది. నేను చూశాను.

ఎస్వీ పాత విద్యార్థి:
పోలిక బాగుంది సార్, కానీ అన్నిచోట్లా నడవదు. ‘గివ్ అప్’లో, ‘షో అప్’లో ‘అప్’ని ‘ఏయ్’తో ఎలా అతికిస్తారు? 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సనే ముందుమాటలో ఒప్పుకున్నాడు, క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారిపోవడమే పరాయివాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని. ఇంగ్లిష్‌వాడే అలా అంటే మన పదో తరగతి పిల్లాడిని ఏమనగలం?

నన్నడిగితే అర్థం కంటే ముందు నేర్పాల్సింది ఆ చిన్న మాట క్రియావిశేషణమా, విభక్తి లాంటి ప్రిపోజిషనా అన్నది. ‘టర్న్ ఆఫ్’లో ‘ఆఫ్’ క్రియావిశేషణం. ‘టర్న్ ఆఫ్ ది లైట్’, ‘టర్న్ ది లైట్ ఆఫ్’ రెండూ ఒప్పే. కానీ లైటు బదులు ‘ఇట్’ వస్తే ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే. ‘లుక్ ఆఫ్టర్’లో ‘ఆఫ్టర్’ ప్రిపోజిషన్, కాబట్టి ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనాల్సిందే. ‘లుక్ హిమ్ ఆఫ్టర్’ అనడం కుదరదు.

అనుమానం వస్తే మధ్యలో ఒక ‘క్విక్లీ’ని దూర్చి చూడండి. ‘షి లుక్డ్ క్విక్లీ ఎట్ ది బోర్డ్’ అతుకుతుంది. ‘షి టర్న్డ్ క్విక్లీ ఆఫ్ ది లైట్’ అతకదు. వినికిడిలోనూ తేడా ఉంది. ‘పిక్ హిమ్ అప్’ అన్నప్పుడు ఒత్తు ‘అప్’ మీద పడుతుంది. పికప్ వ్యాన్ అన్నప్పుడు ‘పిక్’ మీద పడుతుంది. మనం తెచ్చుకున్నది ఆ వ్యాన్ మాట. అందుకే అది విడిపోవడం లేదు.

అలిపిరి ట్యాక్సీ:
నాకు గ్రామర్ రాదు. ఇరవై ఏళ్లుగా యాత్రికులను కొండకు తిప్పుతున్నాను. ‘గెట్ డౌన్ హియర్ సార్’ అంటాను, అందరూ దిగుతారు. ఈమధ్య ఒక కాలేజీ కుర్రాడు అది తప్పన్నాడు. కారైతే ‘గెట్ అవుట్’ అనాలట. గెటౌట్ అని నేనంటే కస్టమర్ నన్ను కపిలతీర్థం దాకా తరమడా?

కొర్లగుంట మాస్టారు:
కుర్రాడు చెప్పింది సగం నిజం అన్నా. బస్సు, రైలు, విమానం అయితే ‘గెట్ ఆఫ్’. కారు, ఆటో అయితే ‘గెట్ అవుట్ ఆఫ్ ది కార్’. లోపల లేచి నడవగలిగే బండికి ఆన్-ఆఫ్, వంగి దూరాల్సిన బండికి ఇన్-అవుట్ అని గుర్తు పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది. సైకిల్‌కి మాత్రం మళ్లీ ఆన్-ఆఫే. మన ‘గెట్ డౌన్’ అచ్చంగా ‘దిగు’. ఇండియా అంతా నడుస్తుంది, నేను దాన్ని తప్పని కొట్టను. బయటి దేశం వాళ్లకు మాత్రం గోడ మీంచి దిగమన్నట్టో, నేల మీద వాలమన్నట్టో వినిపించొచ్చు.

పుత్తూరు అమ్మాయి:
నేను ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకి చదువుతున్నాను. మా ఊళ్లో విరిగిన ఎముకకే కట్టు కడతారు, విరిగిన ఇంగ్లిష్‌కి కట్టేవాళ్లు లేరు 😄 నాకు ఎక్కువ చిక్కు తెచ్చింది దరఖాస్తు ఫారమ్. మనం ‘ఫిల్ అప్’ అంటాం. బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’, అమెరికాలో ‘ఫిల్ అవుట్’. పెట్రోల్ ట్యాంకుకి మాత్రం అందరూ ‘ఫిల్ అప్’. ఇందులో లాజిక్కు వెతుక్కుంటూ కూర్చుంటే పరీక్ష తేదీ దాటిపోతుంది. ‘పాసవుట్’ ఇంకో గొడవ. నేను ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అంటే డిగ్రీ అయిందని మనకు తెలుసు, బయటవాళ్లలో చాలామంది స్పృహ తప్పిందనుకుంటారు. ‘డిస్కస్ అబౌట్’ కూడా అంతే, మన ‘గురించి’ అక్కడికి వెళ్లి ‘అబౌట్’ అయి కూర్చుంది. ఇవి బట్టీ పట్టాల్సిందే సార్, కాకపోతే వాక్యంతో సహా.

చిత్తూరు గుజ్జు ఆఫీసు:
నేననేదీ అదే చెల్లీ. మాస్టారూ, ‘ఏయ్’ పోలిక నాకు నచ్చింది, మా పాపకి చెబుతాను. కానీ ‘కాల్ ఆఫ్’కి మీ దగ్గర ఏ ‘ఏయ్’ ఉంది?

కొర్లగుంట మాస్టారు:
లేదు. దాన్ని బట్టీ పట్టించాల్సిందే, ఒప్పుకుంటున్నాను. అలాంటివి ఒక నలభై ఉంటే వాక్యాలతో రాయిస్తాను, రెండు వందలు మాత్రం అచ్చు వేయించను. పిల్లాడికి అర మార్కు తగ్గించాను. పక్కన ‘పిక్ — మీ — అప్’ అని మూడు ముక్కలుగా రాసిచ్చాను.

అలిపిరి ట్యాక్సీ:
మరి నేనేమనాలో తేల్చలేదు.

పుత్తూరు అమ్మాయి:
‘హియర్ వియ్ ఆర్ సార్’ అనండి అన్నా, వాళ్లే దిగుతారు.

అలిపిరి ట్యాక్సీ:
మా బండి వెనక డోరు లోపల్నుంచి రాదమ్మా. నేనే దిగి తీయాలి. నేను దిగేదాన్ని ఏమంటారు?

కొర్లగుంట మాస్టారు:
గెటౌటే.